టైఫాయిడ్ పాయింట్లు, కల్చర్, మందులు, పథ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. రక్తంలోనో మలంలోనో ఏ క్రిమి ఉందో చూసి చెప్పడం వరకే నా పని. కానీ డాక్టరుగారి టోకెన్ సాయంత్రం ఏడింటికి, రిపోర్టు చేతికొచ్చేది మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటల టెన్షన్ అంతా మా కౌంటర్ దగ్గరే దిగుతుంది. వానాకాలం మొదలయ్యాక రోజూ వినే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాశాను. మందు రాసేది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరే.

మేడమ్, మా అబ్బాయికి టైఫాయిడ్ పాయింట్లు 160 వచ్చాయి. టైఫాయిడ్ ఉన్నట్టేనా?

ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పలేను.

ఈ ‘పాయింట్లు’ అన్న మాట ఎవరు మొదలుపెట్టారో గాని, దానితో వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. పాయింట్లు అనగానే షుగరులాగా, ఒంట్లో జబ్బు ఎంత ఉందో కొలిచిన అంకె అనుకుంటారు. 80 అయితే కొంచెం టైఫాయిడ్, 160 అయితే మధ్యరకం, 320 అయితే ముదిరిపోయిందని లెక్కలు వేసుకుంటారు. ఈ అంకె వచ్చేది వైడల్ అనే రక్తపరీక్ష నుంచి, అది అలా కొలవదు.

అందులో మేం చేసేది ఇది. మీ రక్తం గడ్డకట్టాక పైన తేలే పలచటి ద్రవాన్ని, అంటే సీరాన్ని, ఉప్పునీళ్ళతో పలచన చేస్తూ పోతాం: 20 రెట్లు, 40, 80, 160, 320. ఒక్కోదానిలో చంపేసిన టైఫాయిడ్ క్రిముల ద్రవం కలుపుతాం. సీరంలో యాంటీబాడీలు, అంటే క్రిమితో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేవి, ఉంటే ఆ క్రిములు ఒకదానికొకటి అంటుకుని, పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా కనిపిస్తాయి. ఎన్ని రెట్లు పలచన చేసేదాకా విరుగుతుందో ఆ చివరి అంకే మీ రిపోర్టులో ఉన్న 160. ఒంట్లో క్రిములు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. వాటిమీద మీ ఒళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తయారుచేసుకున్న యాంటీబాడీల సంగతి చెబుతుంది.

ఆ యాంటీబాడీలు మూడేళ్ళ కిందట వచ్చిన టైఫాయిడ్‌వి కావచ్చు, వేయించుకున్న టీకావి కావచ్చు, టైఫాయిడ్‌కు చుట్టంలాంటి వేరే పేగు క్రిమివి కావచ్చు. మలేరియాలాంటి వేరే జ్వరాలు వచ్చినప్పుడు కూడా పాత యాంటీబాడీలు ఒక్కోసారి పైకి లేస్తాయి. మన ఊళ్ళ నీళ్ళు తాగి పెరిగిన ఆరోగ్యవంతుల రక్తంలోనే 80 కనిపించడం మామూలు, కొందరిలో 160 కూడా ఉంటుంది. ఇంకోవైపు నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో వైడల్ ఖాళీగా రావచ్చు, ఎందుకంటే యాంటీబాడీలు తయారవడానికి ఒంటికి టైమ్ కావాలి. ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ వైడల్ 1896లో ఈ పరీక్షను బయటపెట్టినప్పుడు అది గొప్ప సంగతే. ఇప్పటికీ దానిమీదే ఆధారపడుతున్నామంటే, చవక, గంటలో వస్తుంది, అంకె కనిపిస్తుంది గనుక.

వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు చేస్తే రెండోసారి అంకె నాలుగు రెట్లు పెరిగితే, 80 కాస్తా 320 అయితే, దానికి కొంత విలువ ఉంది. కానీ అప్పటికి జ్వరం తగ్గిపోయి ఉంటుంది, రెండోసారి వచ్చేవాళ్ళను నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

మరి టైఫాయిడ్ ఉందో లేదో తేలేదెలా?

బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదటి మాత్ర నోట్లో వేసుకోకముందు. ఈ పేజీలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకునేట్లయితే ఇదే పెట్టుకోండి: ముందు రక్తం, తర్వాత మాత్ర.

కల్చర్ అంటే ఏం చేస్తారు? మూడు రోజులు ఎందుకు? మీ దగ్గర పెద్ద మెషీన్ ఉందిగా?

ఉంది. కానీ క్రిమి పెరగడానికి అది తీసుకునే టైమ్ అది తీసుకుంటుంది, మెషీన్ దాన్ని తరమలేదు.

పెద్దవాళ్ళయితే సీసాకు సుమారు 10 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటాం. ‘అంత రక్తమా!’ అని అందరూ ఉలిక్కిపడేది ఇక్కడే. టైఫాయిడ్‌లో ఒక మిల్లీలీటరు రక్తంలో బతికున్న క్రిమి ఒకటి కూడా ఉండకపోవచ్చు. తక్కువ రక్తం తీస్తే దొరకాల్సింది దొరకదు. పిల్లల దగ్గర బరువును బట్టి తక్కువ తీస్తాం.

సీసాలో క్రిములకు ఇష్టమైన పోషక ద్రవం ఉంటుంది. దాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచే మెషీన్‌లో పెడతాం. క్రిములు పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, సీసా అడుగున ఉన్న సెన్సర్ దాన్ని పసిగట్టి కూత వేస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే కూస్తుంది. అప్పుడు ఒక చుక్క తీసి స్లయిడ్‌మీద రంగు వేసి చూస్తే గులాబీ రంగు కడ్డీలు కనిపిస్తాయి. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేస్తాం. అదే చుక్కను మెకాంకీ అగార్ అనే ప్లేటుమీద గీసి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి ఈ-కోలై అనే మామూలు పేగు క్రిమి అయితే గులాబీ రంగు చుక్కలు, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా అయితే రంగులేని, మంచుబిందువుల్లాంటి చుక్కలు. ఆ చుక్కను సూదిమొనతో తీసి, టైఫాయిడ్ యాంటీబాడీలున్న యాంటీసీరంలో కలిపి గాజుపలకను అటూ ఇటూ ఊపుతుంటే కొన్ని సెకన్లలో పలుకులు కడుతుంది. పాతికేళ్ళుగా చూస్తున్నా, ఆ పలుకు కట్టే క్షణం నాకు ఇప్పటికీ ముచ్చటే.

అక్కడితో అయిపోదు. ఏ మందుకు చస్తుందో చూడాలి. ప్లేటంతా ఆ క్రిమిని పూసి, మందు బిళ్ళలు పెట్టి మరో రాత్రి ఉంచుతాం. బిళ్ళ చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం పడితే ఆ మందు పనిచేస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది: సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి సాల్మొనెల్లా విషయంలో సిప్రో బిళ్ళ సరిగ్గా పట్టివ్వదు. దాని బదులు పెఫ్లాక్సాసిన్ బిళ్ళ పెడతాం. మన దగ్గర ఆ బిళ్ళ చుట్టూ పెద్ద వలయం పడిన రోజు మా టెక్నీషియన్ అందరినీ పిలిచి చూపిస్తాడు. అంత అరుదు.

ఇదంతా కలిపి మూడు రోజులు. ఏమీ పెరగకపోతే అయిదు రోజులు ఆగి ‘నో గ్రోత్’ అని ఇస్తాం.

కల్చర్‌లో ఏమీ రాలేదు. టైఫాయిడ్ కాదన్నమాటేగా?

కాదని ఖాయంగా చెప్పలేం. ఒక్క బ్లడ్ కల్చర్ నిజమైన టైఫాయిడ్ కేసుల్లో సుమారు 40 నుంచి 60 శాతమే పట్టుకుంటుంది. మొదటి వారంలో బాగా దొరుకుతుంది, రోజులు గడిచేకొద్దీ, మందులు పడేకొద్దీ అవకాశం తగ్గుతుంది. ఎముక మజ్జ కల్చర్ 80 శాతానికి పైగా పట్టుకుంటుంది గాని, దానికోసం తుంటి ఎముకలో సూది గుచ్చాలి. అంతు తేలని జ్వరమైతే తప్ప ఎవరూ చేయరు. రెండో వారం నుంచి మలం కల్చర్ కూడా పనికొస్తుంది.

వచ్చిందంటే మాత్రం ఖాయం. వైడల్‌కూ దీనికీ తేడా అదే.

టైఫీడాట్, ర్యాపిడ్ కార్డు టెస్టు చేయించాం. ఐజీఎం పాజిటివ్.

ఐజీఎం అంటే జబ్బు కొత్తలో వచ్చే రకం యాంటీబాడీ. వైడల్ కంటే కాస్త నయం, అంతే. అదీ యాంటీబాడీ పరీక్షే, అదీ పొరబడుతుంది.

మాకు తెలిసినాయన అప్పటికే రెండు రోజులు మాత్రలిచ్చాడు. ఇప్పుడు కల్చర్ చేయించడం దండగా?

దండగ కాదు, ఫలితం తగ్గుతుంది. ఆ మాత్రల అట్ట పారేయకుండా తీసుకురండి. ‘తెల్లవి, పొడుగువి’ అంటే మాకేం అర్థం కాదు. ఇంజెక్షన్ చేశాడంటే దాని పేరు అడిగి రాసుకోండి. జ్వరం పూటలో దిగిపోయిందంటే అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. జ్వరం దాక్కుంటుంది, క్రిమి దాక్కోదు.

అసలు సాల్మొనెల్లా, టైఫాయిడ్ ఒకటేనా?

సాల్మొనెల్లా ఇంటిపేరు అనుకోండి. ఆ ఇంట్లో సాల్మొనెల్లా టైఫీ, పారాటైఫీ అనేవాళ్ళు రక్తంలోకి చొరబడి రోజుల తరబడి జ్వరం తెస్తారు. టైఫాయిడ్, పారాటైఫాయిడ్ అవే. ఈ రెండూ మనిషి నుంచి మనిషికే వస్తాయి, కోడికీ గొడ్డుకూ సంబంధం లేదు. టైఫిమ్యూరియం, ఎంటరైటిడిస్ లాంటివి ఎక్కువగా కోళ్ళు, గుడ్లు, మాంసం ద్వారా వచ్చి వాంతులు, విరేచనాలు పెట్టి పోతాయి. పేరు విని సాల్మన్ చేపకు ముడిపెడతారు గాని, అది డేనియల్ సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరు. 1885లో పందుల్లో ఈ క్రిమిని కనిపెట్టింది ఆయన దగ్గర పనిచేసిన థియోబాల్డ్ స్మిత్. పేరు మాత్రం పై అధికారికి పడింది.

వైద్యంలో ఈ తేడా చాలా పెద్దది. టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ తప్పదు, విరేచనాల సాల్మొనెల్లాకు చాలామందికి అక్కర్లేదు.

ఏ జ్వరం చూస్తే టైఫాయిడ్ అనుమానం రావాలి?

మూడు నాలుగు రోజులు దాటినా దిగని జ్వరం. మొదట సాయంత్రాలు కొద్దిగా, రోజురోజుకూ మెట్టు మెట్టుగా పెరుగుతుంది. తలనొప్పి, అన్నం సహించకపోవడం, పొట్ట ఉబ్బరం, నాలుక మధ్యలో తెల్లగా పూత, అంచులు ఎర్రగా. పెద్దవాళ్ళలో విరేచనాలకు బదులు మలబద్ధకం ఉండొచ్చు, పిల్లల్లో విరేచనాలు ఎక్కువ. పొడిదగ్గు కూడా ఉండొచ్చు, దాంతో జలుబు జ్వరమనుకుంటారు. క్రిమి కడుపులో పడిన రోజు నుంచి జ్వరం బయటపడటానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి నిన్న తిన్న పునుగులను తిట్టుకోకండి. ఎప్పటి పాపమో అది.

డెంగీ, మలేరియా, టైఫాయిడ్ మూడూ ఉన్నాయన్నారు. అలా ఉంటాయా?

ఉండకూడదని రూలు లేదు గాని చాలా అరుదు. ఎక్కువసార్లు జరిగేది, ఒక జ్వరం నిజం, పక్కన వైడల్ పాత అంకె.

మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. గుంటూరులో ఉండే మా అన్నయ్యకు జ్వరం వస్తే, ఇంటి దగ్గర ల్యాబ్‌లో పాయింట్లు 320 అన్నారు. అయిదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. జ్వరం 103 నుంచి కదల్లేదు. నేను వెళ్ళి చూస్తే చంకలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు. ‘అది ఏదో కుట్టిందే’ అన్నాడు. కుట్టింది నల్లిలాంటి చిన్న పురుగు, జబ్బు స్క్రబ్ టైఫస్. దానికి సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. దానికి పనిచేసే డాక్సీసైక్లిన్ పడిన రెండో రోజుకు లేచి కూర్చుని కాఫీ అడిగాడు. 320 చూసి ఎవరూ చొక్కా విప్పించి చూడలేదు, వాళ్ళను అనేం లాభం, అన్నయ్య కూడా చెల్లెలికి ఫోన్ చేయడానికి అయిదు రోజులు పట్టింది.

అందుకే జ్వరం మూడు నాలుగు రోజులు దాటితే కల్చర్‌తోపాటు రక్తకణాల లెక్క, మలేరియా, డెంగీ, అవసరమైతే స్క్రబ్ పరీక్షలు కలిపి రాస్తారు. టైఫాయిడ్‌లో తెల్లకణాలు సాధారణంగా మామూలుగానో తక్కువగానో ఉంటాయి, వాటిలో ఇసినోఫిల్స్ అనే రకం దాదాపు కనిపించవు, లివర్ ఎంజైములు కొంచెం పెరుగుతాయి. ఇవన్నీ చిన్న చిన్న ఆనవాళ్ళు. ఏ ఒక్కటీ తీర్పు కాదు.

ఏ మందులు వాడతారు? ఎన్నాళ్ళు?

1948లో క్లోరాంఫెనికాల్ రాకముందు టైఫాయిడ్ వచ్చిన వందమందిలో పదిమందికి పైగా పోయేవాళ్ళు. మా బామ్మల కాలంలో ‘ఇరవయ్యొక్క రోజుల జ్వరం’ అంటే ఇంట్లోవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు సకాలంలో మందు పడితే నూటికి ఒకరు కూడా కాదు.

ఆ తర్వాత క్రిమి ఒక్కో మందునూ నేర్చుకుంటూ వచ్చింది. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ లొంగని రకాలు 1980ల చివరి నుంచి వచ్చాయి. తర్వాత సిప్రో వాడాం, వాడీ వాడీ దాన్ని కూడా పోగొట్టుకున్నాం. మన దేశంలో టైఫీలో అత్యధిక భాగం ఇప్పుడు సిప్రోకు పూర్తిగా లొంగదు. మందుల షాపులో ‘మోషన్స్, జ్వరం’ అంటే ఇప్పటికీ సిప్రో, ఓఫ్లాక్సాసిన్ తీసిచ్చేవాళ్ళున్నారు.

ఈ రోజుల్లో తేలికపాటి కేసులకు ఇంటి దగ్గరే అజిత్రోమైసిన్ సాధారణంగా 7 రోజులు, లేదా సెఫిక్సిమ్ 10 నుంచి 14 రోజులు. వాంతులతో మాత్ర నిలవకపోయినా, తీవ్రంగా ఉన్నా ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. మోతాదు బరువును బట్టి డాక్టరు రాస్తారు. పక్కింటి వాళ్ళ చీటీ జిరాక్స్ తీసుకుని వేసుకునే వ్యవహారం కాదు. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలై వేలమందికి పాకింది. అలాంటి క్రిమి మన ప్లేటుమీద ఎప్పుడు కనిపిస్తుందోనని మేం ఒక కన్ను వేసే ఉంచుతాం.

ఇంజెక్షన్లు మొదలై మూడు రోజులైనా జ్వరం వస్తోంది. మందు మార్చమందామా?

తొందరపడొద్దు. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. రోజుకు రెండుమూడుసార్లు టెంపరేచర్ చూసి కాగితంమీద రాయండి. పై అంకె రోజురోజుకూ దిగుతోందా, మనిషి కాస్త తేరుకుంటున్నాడా చూడండి. మందు మొదలై వారం అవుతున్నా అంకె కదలకపోతే అప్పుడు డాక్టరు మళ్ళీ మొదటినుంచీ ఆలోచిస్తారు: మందు పనిచేయడం లేదా, ఎక్కడైనా చీము చేరిందా, అసలు జబ్బు వేరేదా.

రెండో రోజుకు డాక్టరును మార్చేసే అలవాటు మనలో ఉంది. కొత్త డాక్టరు కొత్త మందు రాస్తారు, ఈలోగా పాత మందు ప్రభావంతో జ్వరం దిగుతుంది, పేరు కొత్తాయనకు.

గ్లూకోజ్ రెండు సీసాలు ఎక్కిస్తే తొందరగా తగ్గుతుందిగా?

తగ్గదు. నోటితో నీళ్ళు తాగగలిగినవాళ్ళకు సెలైన్‌తో ఒరిగేదేం లేదు. వాంతులు ఆగకపోతే, నాలుక పిడచకట్టుకుపోతే, మూత్రం తగ్గిపోతే, అప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి?

రెండో వారం చివర, మూడో వారంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. చిన్నపేగు చివరిభాగంలో క్రిమి చేరిన చోట పుండ్లు పడతాయి. అవి రక్తం కారవచ్చు, రంధ్రం కూడా పడవచ్చు. జ్వరం తగ్గుతోందనుకుంటుండగా ఒక్కసారి పొట్టలో భరించలేని నొప్పి, పొట్ట చెక్కలా గట్టిపడటం, మలం తారులా నల్లగా లేదా రక్తంతో రావడం, చెమటలు పట్టి కాళ్ళూచేతులూ చల్లబడటం, మనిషి పలవరించడం లేదా మత్తుగా పడి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారనివ్వొద్దు. రంధ్రం పడితే ఆపరేషనే, గంటలు లెక్క. గర్భిణులు, నెలల పిల్లలు, కీమోథెరపీ లేదా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు మొదటి రోజుల్లోనే డాక్టరు కంటపడాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లాడికి వేసే మందు, గర్భిణికి వేసే మందు ఎంచే తీరు వేరు.

రాత్రి షవర్మా తిన్నాం. పొద్దున్నుంచి నలుగురికీ వాంతులు, మోషన్స్, జ్వరం. యాంటీబయాటిక్ వేసుకోవాలా?

నలుగురికీ ఒకేసారి అంటే తిండితో వచ్చిందే. సాల్మొనెల్లా అయితే తిన్న ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు మొదలవుతుంది, నాలుగు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు యాంటీబయాటిక్ వేస్తే విరేచనాలు తొందరగా ఏం కట్టవు, పైగా ఆ క్రిమి మలంలో ఇంకా ఎక్కువ రోజులు వస్తూ ఉండొచ్చు. కావలసింది నీళ్ళూ ఉప్పూ.

యాంటీబయాటిక్ ఎవరికి ఇస్తారంటే: మూడు నెలల్లోపు పిల్లలు, వయసు మీదపడి గుండె, రక్తనాళాల జబ్బులున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, సికిల్‌సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్నవాళ్ళు, లేదా జబ్బు తీవ్రంగా ఉండి ఆసుపత్రిలో చేరినవాళ్ళు. వీళ్ళలో క్రిమి రక్తంలోకి వెళ్ళి ఎముకల్లో, మెదడు పొరల్లో, రక్తనాళాల గోడల్లో స్థిరపడొచ్చు. మలంలో రక్తం కనిపిస్తే, జ్వరం మూడోరోజూ ఉంటే మలం కల్చర్ చేయించండి. విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్రను జ్వరం, రక్తం ఉన్నప్పుడు వాడొద్దు, పిల్లలకు అసలే వద్దు.

మయోన్నైజ్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. పచ్చిగుడ్డుతో చేసిన మయోన్నైజ్‌ను వేసవిలో బయట పెడితే సాల్మొనెల్లాకు అంతకంటే మంచి పెంపకం లేదు. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది ఇందుకే. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికిన గుడ్డుతో పేచీ లేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే క్రిమి చావదు, నిద్రపోతుంది.

ఓఆర్ఎస్ ఎలా కలపాలి? ప్యాకెట్ జ్యూస్ పనికొస్తుందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పెద్ద సాచెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో. సగం సాచెట్ అరలీటరుకు అని అంచనాతో కలపొద్దు. కలిపింది 24 గంటల్లో తాగేయాలి. సాచెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తల కొట్టి. వాంతులు అవుతుంటే అయిదు నిమిషాలకోసారి చెంచాతో. పిల్లలకు విరేచనాలైతే డాక్టరు జింక్ కూడా రాస్తారు, విరేచనాలు ఆగినా 10 నుంచి 14 రోజులు వేయాలి.

టెట్రాప్యాక్ తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో పంచదార ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. వాటిమీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది. పలచటి ఉప్పు మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు మధ్యమధ్యలో తాగొచ్చు.

టైఫాయిడ్‌కు పథ్యం ఏమిటి? అన్నం పెట్టొచ్చా? పెరుగు?

పెట్టండి. ‘లంఖణం పరమౌషధం’ అన్నమాట టైఫాయిడ్‌కు వర్తించదు. రెండు మూడు వారాలు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న మనిషిని బ్రెడ్డు, బార్లీనీళ్ళమీద ఉంచితే జబ్బు తగ్గాక లేచి నిలబడలేడు. మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు, బాగా ఉడికిన కూర. అన్నం తింటే పేగు చిల్లుపడుతుందని మా అమ్మ కూడా నమ్మేది. చిల్లు పడేది క్రిమి చేసిన పుండువల్ల. గుంటూరు కారం, ఆవకాయ మాత్రం కొన్నాళ్ళు జాడీలోనే ఉండనివ్వండి. క్రిమికి భయపడి కాదు, ఆ కడుపు తట్టుకోలేదు గనుక. పొట్ట గట్టిపడి నొప్పి ఉంటే తిండి సంగతి డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

తగ్గింది. మళ్ళీ వైడల్ చేయించి పాయింట్లు పోయాయో లేదో చూద్దామా?

వద్దు. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. జ్వరం లేని మనిషికి 160 అని చూసి మళ్ళీ పది రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్ళను చూశాను. ఆ డబ్బుతో పళ్ళు కొనుక్కోండి.

నిజంగా తిరగబెట్టడం వేరు. కొందరిలో మందు ఆపిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం మళ్ళీ వస్తుంది. అప్పుడు చేయాల్సింది మళ్ళీ కల్చర్. రెండో రోజు జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేసేవాళ్ళకు ఇది ఇంకా తొందరగా ఎదురవుతుంది.

తగ్గినవాళ్ళ నుంచి ఇంట్లోవాళ్ళకు వస్తుందా?

వస్తుంది. జ్వరం తగ్గాక కూడా కొన్ని వారాలు మలంలో క్రిమి పోతుంటుంది. నూటికి ఒకరి నుంచి అయిదుగురిలో ఏడాది దాటినా పోతూనే ఉంటుంది. పిత్తాశయంలో, ముఖ్యంగా అక్కడ రాళ్ళుంటే, ఆ రాళ్ళను పట్టుకుని కాపురం పెడుతుంది. వాళ్ళకు ఏ బాధా ఉండదు. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఇలాగే పనిచేసిన ఇంటికల్లా టైఫాయిడ్ అంటించి, జీవితంలో చివరి ఇరవై ఏళ్ళకు పైగా నిర్బంధంలో గడిపి 1938లో పోయింది. ఇప్పుడైతే నెలపాటు మందు, ఒక్కోసారి పిత్తాశయం ఆపరేషన్ ఉన్నాయి.

ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళు వంటకు ముందు, మరుగుదొడ్డి తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలావరకు ఆగుతుంది. కంచం, గ్లాసు వేరు చేసి మనిషిని వెలివేసినట్టు మూలన కూర్చోబెట్టక్కర్లేదు. హోటల్లో, హాస్టల్ మెస్సులో, పెళ్ళి వంటల్లో పనిచేసేవాళ్ళు మాత్రం మలం కల్చర్ శుభ్రంగా వచ్చాకే గరిట పట్టాలి.

టీకా ఉందటగా?

ఉంది, మంచిదే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో ఆమోదించింది. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఒక్క డోసు వేస్తారు. పారాటైఫాయిడ్‌ను అది ఆపదు. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళూ వేయించుకోవచ్చు, ఒకసారి వస్తే మళ్ళీ రాదన్నది నిజం కాదు. వేయించుకున్న తేదీ రాసిపెట్టుకుని, జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు చూపండి.

మేం టిన్ను నీళ్ళే తాగుతాం. అయినా ఎలా వచ్చింది?

టిన్ను నీళ్ళతో అన్నం వండరు, కొత్తిమీర కడగరు, పళ్ళు తోమరు. పానీపూరీ బండిమీద కుండలో నీళ్ళు ఏ టిన్నువో ఎవరూ అడగరు. చెరకురసంలో వేసే ఐసు ఎక్కడిదో కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు మురుగూ మంచినీళ్ళూ ఒకటైపోవడం కళ్ళారా చూశాం. పైపు పగిలినచోట అదే పని చడీచప్పుడు లేకుండా రోజూ జరుగుతుంది. కుళాయి నీళ్ళు మరగనిచ్చి, బుడగలు బాగా వచ్చాక ఒక నిమిషం ఉంచి దించండి. గోరువెచ్చగా చేస్తే చావదు. టిన్ను ఖాళీ అయ్యాక పంపు దగ్గర తొలిపి మళ్ళీ నింపే షాపుల విషయంలో మీ కళ్ళే మీ పరీక్ష.

కల్చర్‌కు ఎప్పుడు రావాలి? పరగడుపున రావాలా?

అక్కర్లేదు, తినే రండి. జ్వరం దిగేదాకా ఆగక్కర్లేదు, ఎక్కువ ఉన్నప్పుడే రావాలని కూడా లేదు. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్‌లలో మైక్రోబయాలజీ విభాగాలున్నాయి, ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళండి. ప్రైవేటులో అయితే ‘బ్లడ్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ’ అని రాసి ఉందో లేదో చూసుకోండి. మా దగ్గరికి వచ్చేటట్లయితే ఉదయం వచ్చినా, రాత్రి తొమ్మిదింటికి వచ్చినా సీసా మెషీన్‌లోకి వెంటనే వెళ్తుంది. డాక్టరుగారు రాసిన మాత్రల కవరు చేతిలోనే ఉంటే రక్తం ఇచ్చేదాకా విప్పకండి. బయట బెంచీమీద కూర్చుని నీళ్ళతో మింగేసి లోపలికొచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు.